హస్తవాసి: ఝర్పట్ ఒడ్డు నుంచి మన సంఘం హాలు దాకా



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు ఒక మాట అడిగాడు. "మన హాల్లో మళ్ళీ ఒక ఎనర్జీ హీలింగ్ క్యాంపు పెడదామా? నాగ్‌పూర్ నుంచి టీచర్ వస్తామంటున్నారు. మొదటి రోజు ఫ్రీ." దాని కింద గంటలోనే ముప్పై దాకా చేతులు జోడించిన బొమ్మలు పడ్డాయి. కొందరు "తప్పకుండా" అన్నారు. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు మాత్రం ఏమీ అనలేదు. వాళ్ళు ఎందుకు ఊరుకున్నారో కొత్తగా చేరిన పిల్లలకు తెలియదు. అందుకే ఈసారి రాయాలనుకున్న బల్లార్షా కోట చరిత్ర పక్కన పెట్టి, దీని గురించి రాస్తున్నాం. కాస్త పొడుగవుతుంది. ఆదివారం మీటింగు లోపల వీలు చూసుకుని చదవండి.

మనం ఇలాంటి వైద్యం మొదటిసారి చూసింది 2018 డిసెంబరులో. ఆ చలి రోజుల్లో మన హాల్లోనే రెండు రోజుల రేకీ క్యాంపు పెట్టాం. పరుపులు మనవే, దుప్పట్లు మనవే, టీ మనదే. తెలుగులో కరపత్రం కూడా మనమే వేయించాం. ఆ కరపత్రం సంగతి తర్వాత చెబుతాం.

ఆ రోజు మొదట పడుకున్నది మన బాబాయి ఒకాయన. ఘుగ్గుస్ వైపు ఖదాన్‌లో ముప్పై ఏళ్ళకు పైగా బాయిలోకి దిగిన మనిషి. రిటైరయ్యాక మోకాళ్ళ నొప్పులు. అంతకు రెండేళ్ళ ముందు పిన్ని పోయింది. అప్పటి నుంచి రాత్రి నిద్ర లేదు. డాక్టర్లు రాసిన గోళీలు వేసుకున్నా రెండు గంటలకు లేచి వాకిట్లో కూర్చునేవాడు. "నాకేం పెట్టేది లేదు, చెయ్యి పెట్టి చూస్తరంటే చూడనీ" అని నవ్వుకుంటూ వెళ్ళి పడుకున్నాడు.

వచ్చినామె చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, ఆయన తల దగ్గర కూర్చుంది. కళ్ళ మీద, చెంపల మీద, గొంతు దగ్గర, రొమ్ము మీద, పొట్ట మీద, చివరికి మోకాళ్ళ మీద, ఒక్కో చోట నాలుగైదు నిమిషాలు అరచేతులు పెట్టింది. నొక్కలేదు, పిసకలేదు. హాలంతా నిశ్శబ్దం. ఇరవై నిమిషాలయ్యాక బాబాయి కళ్ళ పక్క నుంచి నీళ్ళు కారడం అందరం చూశాం. లేచాక "వేడిగ అనిపించింది" అని మాత్రం అన్నాడు. మర్నాడు పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసింది. "మామయ్య రాత్రి ఎనిమిదింటికి పడుకుని ఆరింటికి లేచిండు. పోయిండేమో అని రెండుసార్లు పోయి చూసొచ్చిన."

ఇందులో అబద్ధం లేదు. మేమంతా చూశాం. చాలా కథలు ఇక్కడితో ఆగిపోతాయి. మనం మాత్రం కొంచెం వెనక్కి, తర్వాత కొంచెం ముందుకు వెళదాం.

ఊరే ఒక వైద్యం కథ మీద పుట్టింది

పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ చాందాగానే ఉన్న మన చంద్రపూర్ ఎలా పుట్టిందని ఇక్కడి మరాఠీ, గోండు పెద్దలను అడిగితే ఖాండ్క్యా బల్లాల్ షా కథ చెబుతారు. ఇంగ్లీషు వాళ్ళ కాలపు గెజిటీర్లలో కూడా అది ఉంది. ఆ గోండు రాజుకు ఒళ్ళంతా గడ్డలు. ఎన్ని మందులు వాడినా తగ్గలేదు. రాజధాని బల్లార్‌పూర్. ఒకరోజు వేటకు వెళ్ళి, దాహమై, ఎండిపోయిన ఝర్పట్ వాగులో ఒక గుంటలో నీళ్ళు కనబడితే తాగి, ముఖం, కాళ్ళు, చేతులు కడుక్కున్నాడు. ఆ రాత్రి ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. పొద్దున రాణి చూస్తే నీళ్ళు తగిలిన చోట గడ్డలు మాయం. ఆ గుంట వెతికించి ఇసుక తీయిస్తే రాతిలో ఆవు గిట్టల ముద్రలు ఐదు, వాటి నిండా నీళ్ళు. అక్కడే అంచలేశ్వర్ గుడి వెలిసింది. ఆ పక్కనే కోట, ఊరు వచ్చాయి.

ఇది ఐతిహ్యం. రాజు ఒంటి మీద గడ్డలు నిజంగా ఎలా తగ్గాయో తేల్చడం మన పని కాదు. మాకు ఆసక్తిగా తోచింది వేరే ముక్క. కథ చెప్పినవాళ్ళు గడ్డలు మాయమవడం కంటే ముందు నిద్ర పట్టడం గురించి చెప్పారు. జబ్బు మనిషికి మొదటి మేలు నిద్ర అని వాళ్ళకు తెలుసు. మన బాబాయికి దక్కింది కూడా అదే.

ఆ ఝర్పట్ ఒడ్డునే మహాకాళి అమ్మవారు. గుడి కట్టించింది రాణి హిరాయి అంటారు. చైత్రమాసంలో జాతరకు నాందేడ్ వైపు నుంచి, మరాఠ్వాడా నుంచి, మన తెలంగాణ నుంచి జనం బళ్ళు కట్టుకుని వస్తారు. వాగులో స్నానం చేసి తడి బట్టలతో గుడికి నడుస్తారు. మన తాతలు కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ వైపుల నుంచి ఖదాన్ పనికి, కాగితం మిల్లు పనికి వచ్చినప్పుడు ఇక్కడ భాష కొత్త, తిండి కొత్త. అమ్మవారు మాత్రం కొత్త కాదు. పిల్లకు జ్వరమొస్తే అక్కడే మొక్కుకున్నారు.

ఇళ్ళల్లో మన వైద్యాలు మనకున్నాయి. ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేయడం. పసరికలకు చెట్ల మందు, దానితో పాటు మంత్రం. తేలు కుట్టినవాడికి వేపమండతో దిగదుడుపు. వీటన్నిటికీ మించి మన భాషలో ఒక మాట ఉంది, హస్తవాసి. "ఆ డాక్టరు హస్తవాసి మంచిది" అంటాం. అదే గోళీ, అదే సూది, కానీ ఫలానా ఆయన చేత్తో ఇస్తేనే తగ్గుతుందని నమ్మకం. మందు ఒకటి, ఇచ్చే చెయ్యి ఒకటి అని మనవాళ్ళు ఎప్పుడో విడదీసి చూశారు. కాబట్టి రేకీ అనే మాట మనకు కొత్త గానీ, చేతిలో ఏదో ఉందన్న ఊహ కొత్త కాదు.

"ఎనర్జీ" అనే మాట ఎక్కడిది?

క్యాంపుల్లో ఇది వేల ఏళ్ళ ప్రాచీన విద్య అని చెబుతారు. ప్రాణం, నాడి అనే మాటలు నిజంగానే పాతవి. కానీ ఒకరి చేతి నుంచి ఇంకొకరి ఒంట్లోకి శక్తి ప్రవహించి రోగం తగ్గుతుందని, ఫీజు తీసుకుని, గదిలో పడుకోబెట్టి చేసే ఈ పద్ధతికి దగ్గరి చుట్టాలను వెతికితే యూరప్‌లో దొరుకుతారు.

ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్ అనే డాక్టర్ 1778లో వియన్నా నుంచి పారిస్ వచ్చాడు. ప్రాణుల్లో ఒక అయస్కాంత ద్రవం పారుతుంటుందని, అది అడ్డుపడితే రోగమని, తన చేతులతో దాన్ని సరిచేస్తానని అన్నాడు. జనం ఎగబడ్డారు. 1784లో ఫ్రాన్స్ రాజు 16వ లూయీ ఒక విచారణ సంఘం వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లవోజియే ఉన్నారు. వాళ్ళు చేసిన పరీక్ష చాలా సాదాది. మెస్మర్ శిష్యుడు ఫ్రాంక్లిన్ తోటలో ఒక చెట్టుకు "శక్తి" ఎక్కించాడు. పన్నెండేళ్ళ పిల్లవాడికి కళ్ళకు గంతలు కట్టి ఒక్కో చెట్టు దగ్గరికి తీసుకెళ్ళారు. వాడు నాలుగో చెట్టు దగ్గర స్పృహ తప్పాడు. శక్తి ఎక్కించిన చెట్టు అది కాదు. ద్రవం అంటూ ఏదీ లేదు, పని చేస్తున్నది ఊహ అని సంఘం రాసింది. పిల్లవాడు పడిపోవడం అబద్ధమని మాత్రం రాయలేదు. ఈ తేడా గుర్తు పెట్టుకోండి.

ఆ విద్య మన దేశానికీ వచ్చింది. బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డేల్ అనే కంపెనీ డాక్టరు 1845 ఏప్రిల్‌లో ఒక ఖైదీ మీద చేతులు ఆడించి, మత్తులోకి పంపి, ఆపరేషన్ చేశాడు. మత్తుమందు లేని రోజులవి. రోగిని నలుగురు పట్టుకుంటే కోసేవాళ్ళు. ఎస్డేల్ అలా ఎన్నో ఆపరేషన్లు చేశాక కలకత్తాలో 1846లో ఆయనకు ప్రత్యేకంగా ఒక ఆసుపత్రే ఇచ్చారు. మరుసటి ఏడే ఎడిన్‌బరోలో క్లోరోఫాం వచ్చింది. క్లోరోఫాం ఎవరి చేత్తో ఇచ్చినా పని చేస్తుంది, నమ్మకం ఉన్నా లేకపోయినా పని చేస్తుంది. దాని ముందు మెస్మర్ విద్య నిలబడలేదు.

తర్వాత దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు వచ్చారు. దాని అధ్యక్షుడు కర్నల్ ఆల్కాట్ 1882లో సింహళంలో, ఆ తర్వాత మన దేశంలో ఊరూరా తిరిగి పక్షవాతం వచ్చినవాళ్ళ మీద చేతులు ఆడించి వైద్యం చేశాడు. మన ప్రాణం, చక్రం అనే మాటలూ, వాళ్ళ అయస్కాంతం, కాంతివలయం అనే మాటలూ ఒకే మూటలో కలిసింది ఆ రోజుల్లోనే. ఇప్పుడు క్యాంపుల్లో వినే భాష చాలా వరకు ఆ మూటలోదే.

తెలుగువాళ్ళం కూడా ఇందులో వెనకబడలేదు. కుంభకోణంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబానికి చెందిన మాస్టర్ సి.వి.వి. 1910 మే 29న ఒక కొత్త యోగమార్గం ప్రారంభించారు. ఇప్పటికీ ఆంధ్రలో ఆ తేదీని జరుపుకునేవాళ్ళు ఉన్నారు. ఆ పరంపరలో వచ్చిన ఎక్కిరాల కృష్ణమాచార్య విశాఖపట్నంలో తెలుగు అధ్యాపకుడు. 1971లో వరల్డ్ టీచర్ ట్రస్ట్ పెట్టి, ప్రార్థనతో పాటు ఉచిత హోమియో వైద్యశాలలు నడిపించారు. మన నాందేడ్ పక్కనే ఉన్న బోధన్‌లో పుట్టిన సుభాష్ పత్రి 1990లో కర్నూలులో ధ్యాన సంఘం మొదలుపెట్టారు. ఊరూరా పిరమిడ్లు లేచింది ఆ ఉద్యమం వల్లే. మన సభ్యుల్లో కూడా మేడ మీద పిరమిడ్ పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. పొద్దున్నే అరగంట కదలకుండా కూర్చుంటే మనసు కుదుటపడుతుందని వాళ్ళు చెబితే మేము కాదనం.

కూలీల బిడ్డ చేత ప్రపంచమంతా తిరిగిన రేకీ

రేకీ మొదలైంది జపాన్‌లో. మికావో ఉసుయి అనే ఆయన క్యోటో దగ్గరి కురామా కొండ మీద ఉపవాస దీక్ష చేసి ఈ విద్య పొందానని చెప్పి 1922లో టోక్యోలో సంఘం పెట్టాడు. మరుసటి ఏడు సెప్టెంబరు 1న పెద్ద భూకంపం వచ్చి టోక్యో నేలమట్టమైంది. దెబ్బలు తగిలినవాళ్ళ మధ్య తిరిగి వైద్యం చేశాడని ఆయన సమాధి దగ్గరి రాతి మీద చెక్కారు. 1926లో ఆయన పోయాడు. శిష్యుల్లో చుజిరో హయాషి నౌకాదళంలో డాక్టరు. ఆయనే దీన్ని మంచాలు, వరస పద్ధతి ఉన్న క్లినిక్‌గా మార్చాడు.

1935లో ఆ క్లినిక్‌కు హవాయి నుంచి ఒకామె వచ్చింది. పేరు హవాయో టకాటా. ఈమె కథ మన సంఘం వాళ్ళకు దగ్గరగా ఉంటుంది. తల్లిదండ్రులు చెరకు తోటల్లో పనికి జపాన్ నుంచి హవాయి వలస పోయినవాళ్ళు. మనవాళ్ళు ఖదాన్‌కు వచ్చినట్టే. ఈమె కూడా చిన్నప్పటి నుంచి కష్టపడి, 1930లో భర్త పోయి, ఇద్దరు ఆడపిల్లలతో, ఒంట్లో పలు రోగాలతో ఆపరేషన్ కోసం టోక్యో చేరింది. ఆపరేషన్ మానుకుని నెలల తరబడి రేకీ చేయించుకుని కోలుకుంది. విద్య నేర్చుకుని 1937లో హవాయి తిరిగి వెళ్ళింది. 1980లో పోయే నాటికి 22 మందిని మాస్టర్లుగా తయారు చేసింది. ఒక్కో మాస్టర్ దీక్షకు 10,000 డాలర్లు తీసుకునేది. పడమటి దేశాలకూ, తర్వాత మన దేశానికీ వచ్చిన రేకీ ప్రధానంగా ఆ 22 మంది ద్వారా వచ్చిందే.

అమెరికా, జపాన్ యుద్ధం తర్వాత హవాయిలో జపాన్ వాళ్ళ విద్య అంటే ఎవరూ దగ్గరికి రాని రోజులు. అప్పుడామె ఉసుయి క్రైస్తవ బోధకుడని, క్యోటోలోని దోషిషా విద్యాలయంలో ఉన్నాడని, చికాగో విశ్వవిద్యాలయంలో చదివాడని చెప్పింది. తర్వాత వెతికినవాళ్ళకు ఆ రెండు చోట్లా ఆయన పేరు దొరకలేదు. ఒక వలస కుటుంబం ఆడమనిషి పరాయి గడ్డ మీద తన విద్యను బతికించుకోవడానికి కథ మార్చిందంటే మాకు ఆమె మీద కోపం రాదు. కానీ గురువుల కథ వంద ఏళ్ళ లోపలే ఇంత మారినప్పుడు "వేల ఏళ్ళ నుంచి వస్తోంది" అనే మాట విన్నప్పుడు ఒకసారి ఆగి ఆలోచించాలి.

పరీక్షకు నిలబడిందా?

అమెరికాలో ఎమిలీ రోజా అనే తొమ్మిదేళ్ళ పిల్ల బడిలో సైన్స్ ప్రాజెక్టుగా ఒక పరీక్ష చేసింది. ముట్టుకోకుండానే రోగి ఒంటి చుట్టూ ఉన్న శక్తిని చేత్తో పసిగడతామనే చికిత్సకులు 21 మందిని పిలిచింది. మధ్యలో అట్ట అడ్డం పెట్టి, వాళ్ళ రెండు చేతుల్లో ఏదో ఒకదాని పైన తన చెయ్యి ఉంచి, "నా చెయ్యి ఎటువైపుంది?" అని అడిగింది. మొత్తం 280 సార్లలో సరిగ్గా చెప్పింది 123 సార్లు. అంటే 44 శాతం. బొమ్మా బొరుసా వేసుకున్నా సగం కలిసేవి. 1998లో అది అమెరికన్ వైద్య సంఘం పత్రికలో అచ్చయింది.

మరి మన బాబాయి నిద్ర? దానికి జవాబు ఇంకో పరీక్షలో ఉంది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పేగుల బాధతో ఉన్న 262 మందిని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు ఏ చికిత్సా లేదు, పేరు రాసుకుని ఆగమన్నారు. రెండో గుంపుకు ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, అంటే చర్మంలోకి దిగని సూదులు, ముక్తసరి మాటలు. మూడో గుంపుకు అవే ఉత్తుత్తి సూదులు, కానీ డాక్టరు ముందు కూర్చుని వాళ్ళ బాధంతా విని, ప్రేమగా మాట్లాడాడు. మూడు వారాలకు తగినంత ఉపశమనం ఉందన్నవాళ్ళు మొదటి గుంపులో 28 శాతం, రెండో దాంట్లో 44, మూడో దాంట్లో 62. మందు ఎక్కడా లేదు. పెరిగిందంతా మనిషి మనిషితో గడిపిన తీరు వల్లే.

బాబాయి సంగతి మళ్ళీ తలుచుకోండి. పిన్ని పోయాక ఆ రెండేళ్ళలో ఆయన తల మీద చెయ్యి పెట్టినవాళ్ళు ఎవరు? కొడుకు షిఫ్టులు, మనవల ట్యూషన్లు. దవాఖానాలో డాక్టరు రెండు నిమిషాల్లో చీటీ రాసిచ్చాడు. ఆ రోజు మన హాల్లో ఒక మనిషి గంటసేపు ఏమీ అడగకుండా ఆయన పక్కన కూర్చుంది. ఆయనకు కన్నీళ్ళు వచ్చాయి, నిద్ర వచ్చింది. అందుకు విశ్వశక్తి అక్కర్లేదని ఇప్పుడు మాకు అనిపిస్తోంది. ఆ గంట మనం కూడా ఇవ్వగలిగేవాళ్ళమే.

కరపత్రం

ఇప్పుడు ఆ పెద్దవాళ్ళు ఎందుకు ఊరుకున్నారో చెప్పాలి. ఇది రాయడానికి అక్క ఒప్పుకుంది. పేరు మాత్రం రాయడం లేదు.

మన సభ్యురాలు ఒక అక్కకు పన్నెండేళ్ళుగా షుగర్. క్యాంపు రెండు రోజులూ వచ్చింది. ఒళ్ళు తేలికైందంది. తర్వాత డబ్బు కట్టి పై కోర్సు కూడా చేసింది. అక్కడ ఎవరో "గోళీలు ఎప్పుడు ఆపాలో మీ శరీరమే చెబుతుంది" అన్నారట. అక్క శరీరం బాగుందనే చెప్పింది. షుగర్ పెరిగినా చాలాకాలం ఏ నొప్పీ తెలియదు, ఆ రోగం గుణమే అది. రెండు నెలలు గోళీలు మానేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పొద్దున సాయంత్రం తన కాళ్ళ మీద తానే చేతులు పెట్టుకునేది. చెప్పు కొరికిన పుండు ఒకటి మానలేదు. నరాలు మొద్దుబారి నొప్పి కూడా తెలియలేదు. దవాఖానాకు తీసుకెళ్ళే నాటికి షుగర్ 400 దాటింది. కాలి వేళ్ళు రెండు తీసేశారు.

మేము చూడబోయాం. ఏం మాట్లాడాలో తెలియక నిలబడ్డాం. అక్కే అంది. "మన సంఘపోళ్ళే పెట్టిండ్రు గద, తప్పుంటదా అనుకున్న."

ఆ మాట విన్నాక ఇంటికొచ్చి పాత కరపత్రం తీసి చూశాం. "కీళ్ళ నొప్పులు, బీపీ, షుగర్ నయం" అని మన సంఘం పేరు కిందనే అచ్చయి ఉంది. ఆ వాక్యం వచ్చినవాళ్ళు ఇచ్చిందే. కానీ తెలుగులోకి మార్చింది మేము, ప్రూఫు చూసింది మేము. ఒక్కరం కూడా పెన్నుతో కొట్టేయలేదు. తర్వాత తెలిసింది, షుగర్ లాంటి రోగాలు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి మందులు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం కింద నేరం. ఎన్నో ఏళ్ళ నుంచి ఉన్న చట్టం. మాకు తెలియదు. తెలియకపోవడం అక్క వేళ్ళు తిరిగి తెచ్చివ్వదు.

ఇంకో చట్టం కూడా ఉంది. 2013 ఆగస్టు 20న పూణేలో డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ను కాల్చి చంపారు. మూఢనమ్మకాల మీద చట్టం కావాలని ఆయన ఎన్నో ఏళ్ళు కొట్లాడారు. ఆయన పోయిన రోజుల్లోనే ఆర్డినెన్సు వచ్చింది, ఆ డిసెంబరులో చట్టమైంది. పాము, తేలు, కుక్క కరిచినవాణ్ణి డాక్టరు దగ్గరికి పోనీయకుండా మంత్రం వేస్తామనడం దాని కింద నేరం. దేవుణ్ణి మొక్కుకోవడం మీద ఆ చట్టానికి ఏ అభ్యంతరమూ లేదు. డాక్టరు దగ్గరికి పోయే దారికి అడ్డం నిలబడొద్దంటుంది, అంతే.

ఈ నమ్మకానికి ఇంకో ముఖం కూడా ఉంది. చెయ్యి ఆడిస్తే రోగం పోతుందని నమ్మే చోట, చెయ్యి ఆడిస్తే రోగం వస్తుందని కూడా నమ్ముతారు. 2021 ఆగస్టులో మన జిల్లాలోనే జివతి తాలూకాలో ఒక ఊళ్ళో చేతబడి చేశారనే అనుమానంతో ముసలివాళ్ళు, ఆడవాళ్ళతో సహా ఏడుగురిని నడివీధిలో కట్టేసి కొట్టారు. పేపర్లలో మీరూ చదివే ఉంటారు. రేకీ క్యాంపుకు పోయే మన అక్కాచెల్లెళ్ళకూ ఆ గుంపుకూ పోలిక లేదు. కానీ కంటికి కనబడని శక్తి చేతుల్లో ఉందని పిల్లలకు నేర్పేటప్పుడు ఆ ముఖం కూడా మనసులో పెట్టుకోవాలి.

వరోరా దారిలో

చేతి స్పర్శకు విలువ లేదని చెప్పడానికి ఇదంతా రాయలేదు. స్పర్శ విలువ తెలియాలంటే మన ఊరి నుంచి నాగ్‌పూర్ పోయే దారిలో వరోరా దగ్గర ఆగితే చాలు. ఒక వాన రాత్రి దారి పక్కన కుష్ఠుతో కుళ్ళిపోయిన మనిషిని చూసి భయపడి పారిపోయి, ఆ భయానికి సిగ్గుపడి వెనక్కి వెళ్ళిన వకీలు మురళీధర్ ఆమ్టే. మన బాబా ఆమ్టే. ఆయన 1949లో మహారోగి సేవా సమితి పెట్టారు. 1951లో ఆనంద్‌వన్ మొదలైనప్పుడు ఆరుగురు రోగులు, ఒక కుంటి ఆవు, 14 రూపాయలు ఉన్నాయని అక్కడివాళ్ళు చెబుతారు. ఎవరూ ముట్టనివాళ్ళను ఆయన ముట్టారు, పుళ్ళు కడిగారు. అయితే దానితో ఆగలేదు. కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూలుకు వెళ్ళి కుష్ఠు వైద్యం నేర్చుకుని వచ్చి గోళీలు, సూదులు ఇచ్చారు. ముట్టుకున్న చెయ్యే మందు కూడా ఇచ్చింది. హస్తవాసి అంటే మాకు గుర్తొచ్చేది ఇదే.

కాబట్టి ఆదివారం మీటింగులో మా మాట ఇది.

క్యాంపు వద్దని మేము అడ్డుపడం. ధ్యానం నేర్పుతామన్నా, చేతులు పెడతామన్నా, చేయించుకోవాలనుకునేవాళ్ళు చేయించుకోవచ్చు. కానీ మన హాలు ఇవ్వాలంటే మూడు షరతులు పెడదాం. ఒకటి, ఫలానా రోగం నయమవుతుందని కరపత్రంలో గానీ, మైకులో గానీ ఒక్క మాట రాకూడదు. రెండు, మొదలుపెట్టే ముందు మన సంఘం మనిషే లేచి "ఏ గోళీ ఆపొద్దు, డాక్టరును అడగకుండా ఏదీ మార్చొద్దు" అని తెలుగులో, మరాఠీలో చెప్పాలి. మూడు, ఆ రోజే హాలు బయట ఒక బల్ల వేసి బీపీ, షుగర్ చూసే ఏర్పాటు ఉండాలి. మన పిల్లల్లో నర్సింగు చదివినవాళ్ళున్నారు, చేస్తామంటున్నారు. ఈ షరతులకు ఒప్పుకోని టీచర్‌కు హాలు లేదు.

ఇంకొకటి షరతు కాదు, మనవి. గని దుమ్ము, కరెంటు ప్లాంటు బూడిద మధ్య బతికిన ఊరు మనది. దగ్గు రెండు వారాలు దాటితే దిష్టి తీయించండి, మొక్కుకోండి, ఏమైనా చేయండి. అన్నిటికంటే ముందు గళ్ళ పరీక్ష చేయించండి.

బాబాయి గురించి చాలామంది అడుగుతుంటారు. క్యాంపు తర్వాత నాలుగైదు రోజులు బాగా నిద్రపోయి, మళ్ళీ పాత కథే అయింది. మళ్ళీ రేకీకి పంపుదామనుకునేలోపు ఆయన పాత షిఫ్టు దోస్తులు ఇద్దరు సాయంత్రాలు ఆయన వాకిట్లో కూర్చోవడం మొదలుపెట్టారు. ఒకాయన మోకాళ్ళకు నూనె రాస్తాడు, ఇంకొకాయన పాత బాయి ముచ్చట్లు చెబుతాడు. ఇప్పుడు నాలుగింటి దాకా పడుకుంటున్నాడట. "గంటకు ఎంత ఫీజు?" అని అడిగితే "చాయ్" అన్నాడు.

అక్క ఇప్పుడు షుగర్ గోళీలు, ఇన్సులిన్ తప్పకుండా తీసుకుంటోంది. పొద్దున ధ్యానం మానలేదు. ఆదివారం ఆమె కూడా వస్తానంది. బల్ల దగ్గర తానే కూర్చుంటానంది.

మీ ఇళ్ళల్లో హస్తవాసి ఉన్నవాళ్ళని పేరున్న అమ్మమ్మలు, మంత్రసానులు, కంపౌండర్లు ఉండే ఉంటారు. వాళ్ళ ముచ్చట్లు కింద రాయండి. తారీఖుల్లో తప్పులుంటే సరిదిద్దండి. వచ్చే నెల బల్లార్షా కోట గురించి తప్పకుండా రాస్తాం.

అందరికీ ఆరోగ్యం కోరుతూ, సెలవు.